నిమ్మపులుపు తిన్న బండ

తడిగుడ్డతో వంటగట్టు తుడిచిన ప్రతిసారీ ఆ తెల్లమచ్చ మళ్లీ తేలుతోంది. కొబ్బరినూనెలో దీపపు మసి కలిపి రుద్దితే అరగంట దాగుతుంది. నీళ్లు తగిలితే మసంతా గుడ్డకొస్తుంది. లూదియాకు ఏడుపొక్కటే తక్కువ. రేపు ఆదివారం, కొత్తింట్లో ప్రార్థనకు నంద్యాల పాస్టరుగారు, వెంట సంఘమంతా వస్తారు. భర్త నతానియేలు మొదట చూపించేది ఈ గట్టునే. ఎనభై రెండులో ఆళ్లగడ్డలో, వాళ్ల వీధిలో, నిలబడి వండుకునే ఇల్లు ఇదొక్కటే మరి. కొలిమిగుండ్ల నుంచి స్వయంగా ఏరి తెచ్చిన నల్ల నాపరాయి.

ఆడదానికి సుఖమని కట్టించాడు. సుఖం మాట దేవుడెరుగు, వంటింట్లో కూర్చునే ఆ కాస్త వీలూ పోయింది. గురువారం బడి నుంచి వచ్చీ రాగానే, అతను అడిగాడని, ఊరగాయకు వంద నిమ్మకాయలు దానిమీదే కోసింది. తెల్లారి చూస్తే విస్తరాకంత మచ్చ. "సున్నపురాయి మీద పులుపు పడితే ఏమైతాదో పిల్లలకు చెప్తావు గదా. నీకే తెల్దా? ఆదివారం నలుగురిలో నా తల తీస్తాండావ్" అన్నాడు నతానియేలు. అత్త సువార్తమ్మ మెత్తగా, "మావాడు మోజుపడి తెచ్చినాడు" అని ఊరుకుంది. అదే ఎక్కువ గుచ్చుకుంది. పాఠం తెలియక కాదు, దాన్ని వంటింటి దాకా మోసుకొచ్చే ఓపిక ఆ పూట మిగల్లేదు.

కూతురి మార్కులు అడగడానికి వచ్చిన మహానందమ్మ వంటింట్లోకి తొంగిచూసింది. వెనకవీధిలో విగ్రహాలు చెక్కే శిల్పి భార్య ఆమె.

"మసి పూస్తే యాడ పోతాది టీచరమ్మా? ఉండు."

ఇంటికెళ్లి సానరాయి ముక్కలు తెచ్చింది. నీళ్లు చల్లి గరుకుదానితో మొదలుపెట్టి, ఒక్కో ముక్క మారుస్తూ రుద్దసాగింది. మధ్యలో లూదియా చేతికీ ఒకటిచ్చింది. మధ్యాహ్నానికి మచ్చ కరిగి, అడుగునుంచి నలుపు ఊరినట్టు పైకొచ్చింది. అందులో కిటికీ కనబడింది. తర్వాత లూదియా ముఖం కనబడింది.

"యాడ నేర్చినావక్కా?"

"నేర్చేదేముంది. మా ఆయన ఉలితో చెక్కి వదిలేస్తాడు. బుగ్గలు, పెదాలు, రెప్పలు తోమేది ఆడోళ్లం మేము. పోయినేడు ఒక అమ్మవారిని మూణ్ణెల్లు తోమినా. రాయి కింద పేరు ఆయనదే."

అన్నం వార్చినంత మామూలుగా చెప్పింది. లూదియా ఆమె అరచేయి పట్టుకుని చూసింది. వేళ్ల కొసల్లో గీతలే లేవు, అరిగిపోయాయి. బళ్లో ఇన్నేళ్లు రాళ్ల గురించి చెప్పింది గానీ, ఇలాంటి చేయి ఉంటుందని ఏ పుస్తకమూ తనకు చెప్పలేదు.

సాయంత్రం నతానియేలు గట్టు నిమిరి, "ఏ మేస్త్రీ వచ్చినాడు?" అన్నాడు.

"మహానందమ్మక్క. నేనూ తోమినా."

"సరే, రేపు ఎవరితోనూ అనొద్దు. మచ్చే పడనట్టు ఉండు."

"ఆమె తోమిందనే అంటా. వచ్చే శనివారం ఆమె కొట్టానికి పోతాండా. ఆ పూట వంట మీరు చూసుకోండి."

"విగ్రహాలు చేసే కొట్టానికా? పాస్టరుగారు అడిగితే ఏం చెప్పాల?"

"ఆమె చేతులు చూసేకి పోయిందని చెప్పండి."