సోడా కొట్టు

నేను ఒక గోలీసోడా సీసాను. నిండుగా ఉన్నప్పుడే నాకు విలువ, నాతో ప్రమాదం కూడా అప్పుడే. నా బతుకులో లాభమూ నష్టమూ ఎప్పుడూ ఒకే మూతి కింద కూర్చున్నాయి.

గాజు కొలిమిలో నన్ను పోసినవాడు మెడ దగ్గర రెండు నొక్కులు నొక్కి, లోపల ఒక గోలీ వేసి, అది ఇక బయటికి రాకుండా మూతి బిగించాడు. చీరాల రైలుగేటు దగ్గర సోడాలమ్మే కాశింబీ ఒక పెట్టెడు సీసాలతో పాటు నన్నూ కొన్నది. గ్యాసు నింపే మిషన్‌లో పడుకోబెట్టి చక్రం తిప్పేటప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. గాజులో వెంట్రుకంత బీట ఉన్నా సీసా పేలిపోతుంది. నా పక్కవాడు పేలాడు, నేను నిలిచాను. లోపలి గ్యాసు గోలీని మూతికి అదిమి పట్టేది. ఎవరి బొటనవేలో గోలీని లోపలికి నొక్కేదాకా నేను ఊపిరి బిగబట్టిన సరుకును.

మా వ్యాపారంలో ఆ వేలు నొక్కడాన్ని కొట్టడం అంటారు. "పిన్నీ, ఒక సోడా కొట్టు" అంటూ వస్తారు. మనుషుల భాష చిత్రమైనది. సోడానీ కొడతారు, తలకాయనీ కొడతారు. మాట ఒకటే, బేరాలు వేరు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ తేడా ప్రాణం మీదికి తెచ్చింది.

రిక్షా తొక్కే అంకారావు మాట్లాడుకున్న బేరాన్ని అతని బావమరిది ఏడుకొండలు తన రిక్షాలో ఎక్కించుకుపోయాడు. తిరిగొచ్చి పళ్లికిలించాడు కూడా. అంకారావు ఎండలో ఉన్న కాశింబీ పెట్టెలోంచి నన్ను మెడ పట్టి లాగి, గట్టిగా కుదిపాడు.

దెబ్బలాటలో సోడాబుడ్డి ఏం చేస్తుందో ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కుదిపి విసిరితే పేలుతుంది. ముక్క తగిలితే కన్ను పోయినట్టే. ఏడుకొండలు రిక్షా చక్రానికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. అతని పళ్లు లోపలికి వెళ్లిపోయాయి.

"కొట్టరా! చూస్తావేంది, కొట్టు!" అని మూగిన జనం కేకలేశారు. పోయేది తమ కన్ను కానప్పుడు ఉత్సాహానికి ఖర్చేముంది!

కాశింబీ అరవలేదు, అతని చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే నేను జారతాను. జారితే అక్కడున్న అందరికీ నష్టమే. ఆమె పెట్టెలోంచి ఇంకో సీసా తీసి గోలీ మీద బొటనవేలు అదిమింది.

కీచు!

జనం అటు తిరిగారు.

"కొట్టమన్నారుగా, కొట్టా" అంది కాశింబీ. "ఏందిరా అంకా, నువ్వింకా కొట్టలా? అరిచి అరిచి గొంతెండిపోయింది, తిట్టు కూడా సగమే వస్తంది నీకు. ముందు కొట్టి తాగు. నీ బావమరిది యాడికి పోతాడు, చక్రం సందులోనే ఉన్నాడుగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. అంకారావు చెయ్యి ఇంకా పైనే ఉంది. నాలో గ్యాసు గోలీని తంతూనే ఉంది. కోపం చేతిలో ఉంది గానీ అలవాటు వేలిలో ఉంది. ఆ వేలు మెల్లగా నా మూతి మీదికి పాకింది. నొక్కాడు.

కీచుమన్నాను. నురగ పొంగి అతని మోచేతిదాకా కారింది. నాలోని ప్రమాదమంతా చొక్కా మీద ఒలికిపోయింది.

ఇక తాగక తప్పలేదు. సగమయ్యాక చక్రం వెనక నుంచి సన్నగా వినిపించింది.

"బావా... కాస్త ఉంచు."

"నీ మొహానికి!" అన్నాడు అంకారావు. అంటూనే నన్ను అతని చేతికిచ్చాడు.

"తాగి సీసా ఇచ్చి పొండి" అంది కాశింబీ. ఆమె లెక్కలో రెండు సోడాలు పోయాయి, ఒక కన్ను మిగిలింది.

తర్వాత మూతల సీసాలు వచ్చాయి, తాగి పారేసే ప్లాస్టిక్ వచ్చింది. కాశింబీ మిషన్ పాత ఇనుములోకి పోయింది. నేను గోనెసంచుల్లో తిరిగి తిరిగి ఒక పెద్ద హోటల్ అలమారాకు చేరాను. మొన్న భోజనానికి వచ్చిన ఒకావిడ నన్ను చేతిలోకి తీసుకుంది.

"దీన్నెలా తెరుస్తారండీ?"

"కొట్టాలంట మేడమ్" అన్నాడు వడ్డించేవాడు.

ఆవిడ నన్ను బల్ల అంచు మీదికి ఎత్తింది. నేనిప్పుడు ఖాళీ, పేలే శక్తి లేదు. అయినా ఎత్తిన చెయ్యి కింద పాత భయం మళ్లీ పట్టుకుంది. లోపల గోలీ గలగలమంది. ఆ చప్పుడుకు ఆవిడ ఆగి, చెవి దగ్గర ఒకసారి ఊపి చూసి, నవ్వి, నన్ను మళ్లీ అలమారాలో పెట్టేసింది.

గ్యాసు పోయినందుకు నాకు విచారం లేదు. దాన్ని నింపిందే పోవడానికి. కొట్టమంటే తెరవడమని తెలిసిన బొటనవేళ్లు పోయాయి. అసలు నష్టం అక్కడ వచ్చింది.