మందుబట్టల బకెట్టు

మందు కొట్టిన బట్టలు విడిగా నానబెట్టాలి. పెళ్ళయిన నాలుగో రోజున మా అత్తగారు సుబ్బరత్నమ్మ గారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. మామిడితోటలో మందు కొట్టించి వచ్చిన మనిషి వీధి గుమ్మంలోంచి రాడు, పెరటి దారిన వస్తాడు. బావిగట్టు మీద చొక్కా, లుంగీ, తలకి చుట్టుకున్న తువ్వాలు వదిలేసి, నేను కాచిపెట్టిన నీళ్ళతో మూడుసార్లు సబ్బు రుద్దుకుని, అప్పుడు లోపలికొచ్చి కాఫీ అడుగుతాడు. ఆ బట్టల్ని నేను ఎర్ర బకెట్టులో నానబెట్టి, చేత్తో పిండి, ఆ నీళ్ళని తోట పక్కనున్న మొగలివాగు దాకా మోసుకెళ్ళి మడుగులో పోసి రావాలి. వాషింగ్ మెషీన్లో వేస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "మిగతా బట్టలకి అంటుకోదూ?" అన్నారు మా ఆయన. పోనీ ఆ నీళ్ళు పెరట్లోనే పారబోస్తానన్నాను. "నా మల్లెపాదులు ఏమైపోవాలే?" అన్నారు అత్తగారు. అలా ఇరవై రెండేళ్ళు మోశాను. ఆయన చొక్కాలకి అంటకూడదు, ఆవిడ మల్లెలు చావకూడదు. నా చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఎత్తలేదు.

నా వేళ్ళ చివర చర్మం ఊడి ఊడి నున్నగా అయిపోయింది. రేషన్ మిషను మీద వేలు పెడితే గుర్తుపట్టదు, బ్యాంకులోనూ అంతే. "గవర్నమెంటు లెక్కలో మా ఆవిడ లేనే లేదండీ" అని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తారు. నేనూ కాఫీ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడి నవ్వాను, సిగ్గులేకపోతే సరి. వేలిముద్ర పడదు కాబట్టి నాకు అన్నిటికీ సంతకమే. మా ఆయన లక్ష్మీనరసింహారావు గారు కాగితం మీద పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి వంటింట్లోకి తెస్తారు. నేను కొంగుకి చేతులు తుడుచుకుని ఇంటూ ఉన్నచోట రాజ్యలక్ష్మి అని రాస్తాను. ఏంటండీ ఇది అంటే, "నువ్వు చదివి ఉద్ధరించేదేముంది, దోసె మాడుతోంది చూడు" అంటారు. మైలవరంలో డిగ్రీ చదివాను నేను, అదీ బోటనీ. దిగువ తోట నాలుగెకరాలు నా పేరునే ఉంది. ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు, అప్పుడూ ఏదో మాడుతూ ఉండి ఉంటుంది.

మొగలివాగు పేరుకే మొగలివాగు. మొగలి పొదల్లో పాములుంటాయని మా మామగారు ఎప్పుడో నరికించేశారు. దిగువ తోట దగ్గర వాగుకి అడ్డంగా మట్టికట్ట వేయించి, కట్ట అవతల ఎండిన వాగులో రెండు వరసలు చిన్నరసాల మొక్కలు నాటించారు. ఇప్పుడవి పెద్ద చెట్లు, కాపూ బాగానే ఉంటుంది. కట్ట ఇవతల మాత్రం వాన కురిస్తే పచ్చనీళ్ళు నిలిచేవి, ఎండాకాలం పెంకులా పగిలేది. చచ్చిన వాగులో బకెట్టు నీళ్ళు పోస్తే ఎవరికేం కనిపిస్తుంది?

మూడేళ్ళ కిందట యానాదుల హన్నా వచ్చింది. వచ్చింది అంటున్నాను గానీ, వాళ్ళ గుడిసెలు మా ఇంటికంటే ముందునుంచీ ఆ వాగొడ్డునే ఉన్నాయి. కాయ కోతలప్పుడు మా తోటలోకి కూలికొచ్చేది, అంతవరకే నాకు తెలుసు. ఆ ఏడాది పదకొండు మంది ఆడవాళ్ళని వెంటేసుకుని, గునపాలు, గమేళాలు పట్టుకుని వాగులోకి దిగింది. ఎండిన ఇసకలో అక్కడక్కడా ఆగి, అరికాలితో నొక్కి చూసి, "ఇక్కడండి, మా నాయనమ్మ ఈడే చేప పట్టేది" అనేది. ఆవిడ చూపించిన చోటల్లా తవ్వారు. ఏడు ఊటలు పూడిపోయి ఉన్నాయట, రెండేళ్ళలో అయిదింటిని తెరిచారు. గట్లు కోసుకుపోకుండా తాటిమట్టలు పరిచి, వట్టివేరు నాటి, ఎక్కడినుంచో మొగలి పిలకలు నెత్తిన పెట్టుకొచ్చి పాతారు. ఎవరు చెప్పారే మీకు ఇవన్నీ అని మా అత్తగారు అరుగు మీంచి వెక్కిరిస్తే, "మా నాయనమ్మలేనండి. పెద్దయ్యగారు పొదలు నరికించినప్పుడే వద్దన్నారంట" అంది. నాకూ నవ్వొచ్చింది, యానాదుల ముసలమ్మ మాట వినేవాళ్ళెవరు అని. అలా నవ్విన దాన్నే నేను, దాచుకోవడం దేనికి.

కిందటేడు వేసవిలో మడుగు ఎండలేదు. నేను బోటనీ చదివినదాన్ని, అయినా నోరు వెళ్ళబెట్టి చూశాను. అప్పుడే హన్నా మా ఆయన్ని అడిగింది, కట్టకి పదడుగుల గండి కొడితే నీళ్ళు కిందికి పారతాయని, లేకపోతే పెద్దవాన వస్తే కట్టకి కొట్టుకుని తిరిగొచ్చి వాళ్ళ గుడిసెల్ని ముంచుతాయని. గండి కొడితే రెండు వరసల చెట్లూ పోతాయి. "వాగే మా తోటలోకొచ్చింది గానీ, మా తోట వాగులోకి పోలేదమ్మా" అని ఆయన నవ్వుతూ పంపేశారు. మండలాఫీసులో వాళ్ళు అర్జీ పెట్టారనీ, సర్వేయరొస్తాడనీ విన్నాను.

ఈ ఆగస్టులో ఒకరోజు బిందె పట్టుకుని అటు వెళ్తుంటే హన్నా సైగ చేసింది. "అమ్మగారూ, అలికిడి చెయ్యకుండా రండి." మడుగు మీద కుంకం పొట్లం విప్పినట్టు ఎర్రగా ఏదో కదులుతోంది. కొర్రమీను పిల్లలు. వందలు ఉంటాయి, అన్నీ ఒకే గుంపు. "కింద తల్లుంటదండి. తండ్రి కూడా ఉంటాడు. పిల్లలు పెద్దయ్యేదాకా ఇద్దరూ కాపలా కాస్తారు. గుంపు మీదున్న చేపని మేం పట్టమండి, ఆకలేసినా పట్టం" అంది. తండ్రి కూడానా అన్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని పకపకా నవ్వాం. నేనలా నవ్వి ఎన్నేళ్ళయిందో.

నాలుగు రోజులకి ఆకుల్లో గూడుపురుగు పడిందని మందు కొట్టించడం మొదలుపెట్టారు. బుధవారం బట్టలు నానబెట్టాను, పిండాను, నీళ్ళు పోసి వచ్చాను. ఎర్ర పిల్లల్ని చూద్దామని కూడా తోచలేదు, పొయ్యి మీద పాలున్నాయి. గురువారం మళ్ళీ బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికి హన్నా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. రెండు చేతుల మీదా రెండు పెద్ద కొర్రమీనులు, పొట్టలు తెల్లగా పైకి తిరిగి. చుట్టూ నీళ్ళ మీద ఎర్రపిల్లలు చిల్లుల గరిటెలోంచి రాలిన బూందీలా తేలుతున్నాయి, కదలడం లేదు.

"అమ్మగారూ, ఆ నీళ్ళేంటండి?" అంది.

నా చేతిలో బకెట్టు. పైన తెల్లటి నురగ. ఆ వాసన నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు, ముక్కు దాన్ని లెక్కచెయ్యడం మానేసి చాలా కాలమైంది. హన్నా గట్టెక్కి వంగి వాసన చూసింది. ఒక్క మాటా తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పోయిన నెల కూడా ఇట్టాగే పరిగె చేపలు చచ్చినయ్యండి. ఎవరో ఏదో కలిపారనుకున్నాం. మళ్ళీ మీరే మేం కలిపామని కాగితం పెట్టారు."

"నేనా? ఏం కాగితం?"

జాకెట్టులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది, అందులో మడతపెట్టిన జిరాక్సు. యానాది కుటుంబాలు చేపల కోసం వాగులో విషం కలుపుతున్నాయనీ, పశువులకీ మనుషులకీ ప్రాణాపాయమనీ, తక్షణం వాళ్ళ గుడిసెలు తీయించి వాగులో పనులు ఆపించాలనీ ఉంది. కింద రాజ్యలక్ష్మి. నా రాజ్యలక్ష్మే, నా క్ష తోక ఎప్పుడూ కొంచెం పక్కకి వంగుతుంది. పెన్సిల్ ఇంటూ కూడా మసగ్గా జిరాక్సులో పడింది. సోమవారం విచారణట. నేను ఆ గట్టు మీదే కూర్చుండిపోయాను. బకెట్టు మాత్రం ఒరగకుండా పట్టుకునే ఉన్నాను. అప్పటికి కదా నాకు తెలిసింది, దాన్ని ఒరగనివ్వకూడదని.

"నేను చదవలేదు హన్నా" అన్నాను.

"నాకు చదువు రాదండి, అందుకని చదవలేదు. మీకేమైందండి?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది, సమాధానం కోసం నా మొహంలోకి చూసింది కూడా.

బకెట్టు మోసుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆయన ఉప్మా తింటున్నారు. చేపలు ఎందుకు చచ్చాయో తెలుసా అని అడిగాను.

"నువ్వు పోసే నీళ్ళకి. ఇంకెందుకు చస్తాయి? డబ్బా మీదే రాసుంటుంది, చేపలకి ప్రమాదమని" అన్నారు, జీడిపప్పు ఏరుకుంటూ.

అబద్ధం చెబుతారనుకున్నాను. కోప్పడతారని, తడబడతారని, కనీసం చెంచా కింద పెడతారని అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ మనిషి నాకు ఇంత సూటిగా నిజం చెప్పడం ఇదే మొదటిసారి, అది కూడా దాచాల్సిన అవసరం కనిపించక!

"తెలిసి నాతో పోయించారా?"

"ఎక్కడో ఒకచోట పొయ్యాలిగా."

"తెలిసే వాళ్ళ మీద రాయించారా? నా పేరుతోనా?"

"తోట నీ పేరున ఉంటే నా పేరుతో ఎలా రాస్తారే? సర్వేయరు గొలుసు వేసి కొలిచాడంటే రెండు వరసల చెట్లు పోతాయి, తెలుసా? మీ మామగారు పెట్టిన చెట్లు. ఇంకొంచెం చట్నీ వెయ్యి."

వేశాను. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు, నా చెయ్యి దానంతటదే గరిటె ముంచి చట్నీ వేసింది. అత్తగారు జపమాల తిప్పుతూ, "ఆ యానాది ముండల కోసం మొగుణ్ణి నిలదీస్తావుటే? నీళ్ళు పోసింది నువ్వు. నోరు మూసుకుంటే అందరికీ మర్యాద" అన్నారు. ఆవిడన్న దాంట్లో సగం నిజమే. పోసింది నేనే. మల్లెలు చస్తాయని ఆవిడకి తెలుసు, చేపలు చస్తాయని ఆయనకి తెలుసు, చర్మం ఊడుతోందని నాకు తెలుసు. ఇంతమందికి ఇన్ని తెలిసి, ఆ బకెట్టు మాత్రం రోజూ తన దారిన తను వాగుకెళ్ళింది.

ఆ మధ్యాహ్నం బకెట్టు ఎక్కడన్నా దాచాలని తోటలో షెడ్డుకి తీసుకెళ్ళాను. మందు డబ్బాల పక్కన అట్టపెట్టె నిండా రబ్బరు గ్లౌజులున్నాయి. ఎప్పటివని కాపలా ఉండే క్రీస్తుదాసుని అడిగితే, "ఆరేళ్ళయిందండి. గ్లౌజులు లేకపోతే మందు కొట్టమని కూలోళ్ళు కూర్చున్నారు. అయ్యగారు ఆ సాయంత్రమే తెప్పించారు" అన్నాడు. ఆరేళ్ళుగా మా ఇంటికి నూరడుగుల దూరంలో ఉన్నాయి. ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది, ఆ నవ్వుకి నాకే భయమేసింది. ఇంటికెళ్ళి పొద్దున పిండిన ఆయన బట్టలు తెచ్చి మళ్ళీ బకెట్టులో వేసి, షెడ్డులో దొరికిన మూత బిగించాను. శుక్ర, శనివారాల బట్టలు బావిగట్టు మీదే ఉన్నాయి. ఉతకలేదేం అని ఆయన రెండుసార్లు అడిగారు.

సోమవారం ఆయన కారులో ముందు వెళ్ళారు. నన్ను రావద్దన్నారు, సంతకం ఉందిగా చాలన్నారు. నేను గ్లౌజులు తొడుక్కుని, బకెట్టు కాళ్ళ మధ్య పెట్టుకుని ఆటోలో వెళ్ళాను. "పచ్చడాండీ?" అన్నాడు ఆటో అతను. కాదన్నాను.

మండలాఫీసు వరండాలో హన్నా, పదకొండు మంది ఆడవాళ్ళు గోడవారగా కింద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు, నేనే వాళ్ళ పక్కన కూర్చున్నాను. లోపల కుర్చీలో ఉన్న మా ఆయన మొహం చూసి తీరాలి. పిలుపొచ్చింది. ఆఫీసరుగారు ఆడమనిషే, నా కంటే చిన్నది. "మీరేనా పిటిషనరు? ముందు ఇక్కడ వేలు పెట్టండి" అంది. గ్లౌజు తీసి పెట్టాను. మిషను ఎర్రలైటు వేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్రలైటే. "పడదండీ, మా ఆవిడకి ఎప్పుడూ పడదు" అని మా ఆయన నవ్వబోయారు.

"ఎందుకు పడదో కూడా రాసుకోండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. బకెట్టు టేబుల్ మీద పెట్టి మూత తీశాను. మందు వాసన గుప్పున లేచింది, ఆఫీసరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"పిటిషన్‌లో ఉన్నదాంట్లో ఒకటి నిజమేనండి, వాగులో విషం కలిసింది. కలిపింది వీళ్ళు కాదు, నేను. ఇరవై రెండేళ్ళుగా, ఈ బకెట్టుతో. కావాలంటే ఈ నీళ్ళు పరీక్షకి పంపండి. ఆ కట్ట నా పేరున ఉన్న తోటలో ఉంది, సర్వేయరుని పంపించండి, వాగుది ఎంతో వాగుకి వదిలేస్తాను. రెండు వరసలూ పోనివ్వండి. ఇది రాయండి, చదివి సంతకం పెడతాను" అన్నాను.

"రాజ్యం, ఇంటికి పద" అన్నారు మా ఆయన, నెమ్మదిగా, పదిమందిలో మాట్లాడే గొంతుతో.

నేను ఆఫీసరమ్మ వైపే చూశాను. "ఇందులో ఉన్న చొక్కా, లుంగీ నావి కాదండి. ఎవరివో అది కూడా రాయండి."