లోలా నత్తల పెట్టె

మా కేయి దీవిలో సముద్ర పరిశోధన కేంద్రం తెరిచినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. అంబోన్ పట్నంలో చదువు ముగించుకున్న నాకు సొంత ఊళ్ళోనే ఉద్యోగం దొరికింది. లోలా నత్తల్ని తొట్లలో పెంచి, కాస్త ఎదిగాక పగడపు దిబ్బ మీద వదలడం మా పని. వాటి గుల్లలతో బొత్తాలు చేస్తారు. ఊరి పెద్దలు దిబ్బకు సాసి కట్టారు. ఒడ్డున లేత కొబ్బరాకులు కట్టిన కర్ర పాతారంటే, అది తీసేదాకా ఎవరూ అక్కడి నత్తల మీద చెయ్యి వేయకూడదు.

ఆ ఏడు వానలు తగ్గాక చూస్తే, కేంద్రం ముందున్న దిబ్బ మీద నత్తలు బాగా పలచబడ్డాయి.

సాసికి కాపలా మా మేనమామ బెని రహయాన్. రేవులో నలుగురి ముందూ నన్ను ఆపాడు.

"ఒసే యోసినా, మీ వాళ్ళు పొద్దస్తమానం దిబ్బ మీదే ఉంటున్నారు. ఏం పట్టుకుపోతున్నారే?"

"నమూనాలు మావయ్యా."

"నమూనాలంటే ఎన్ని? కూరకి సరిపడానా, పెళ్ళికి సరిపడానా?"

అందరూ నవ్వారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మర్నాడు సంతలో చేపలమ్మే ఆమె నన్ను చూడగానే బుట్ట మీద గోనెపట్టా కప్పేసి, "అయిపోయాయమ్మా" అంది. గోనె కింద నుంచి చేప తోకలు కనబడుతూనే ఉన్నాయి.

కోపంగా కేంద్రానికి వెళ్ళాను కానీ, వెళ్ళాక నాకూ అనుమానం మొదలైంది. మా అధికారి డాక్టర్ హర్యోనో వెనక గదికి కొత్తగా తాళం వేశారు. తెల్లారగానే మంచుపెట్టెలు తానే మోసుకెళ్ళి పడవలో పెట్టుకుని పోతున్నారు. అడిగితే, "అంబోన్ ప్రయోగశాలకి పంపుతున్నా" అన్నారు. అంబోన్ ఓడ ఎప్పుడొస్తుందో మా దీవిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ వారం ఓడే లేదు.

మరునాడు ఆయన కంటే ముందే వెళ్ళి పడవలో కూర్చున్నాను.

"నేనూ వస్తాను సార్."

"అక్కర్లేదు. దిగు."

"ఓడ లేదు కదా సార్, మరి ఈ పెట్టె ఎవరికిస్తారు?"

ఆయన చేతిలోని పెట్టెను పడవలో దించారు. నేను మూత ఎత్తాను. గుప్పున కంపు కొట్టింది. లోపలంతా కుళ్ళిన నత్తలే. కొన్నింటి గుల్లల మీద మేము అంటించిన గుర్తులున్నాయి. మిగతావి దిబ్బ మీద పుట్టి పెరిగినవి.

ఆయన ఇసుకలో కూలబడ్డారు. "తొట్లలో ఏదో జబ్బు పుట్టింది యోసినా. మనం చూసుకోకుండా నత్త పిల్లల్ని దిబ్బ మీద వదిలేశాం. అక్కడి వాటికీ అంటుకుంది. చచ్చినవాటిని ఏరి దూరంగా పారేస్తున్నాను."

"ఊళ్ళో చెప్పొచ్చు కదా!"

"చెబితే కేంద్రం మూసేస్తారు. నీ ఉద్యోగమూ పోతుంది."

నా ఉద్యోగం అడ్డం పెట్టుకున్నందుకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె నేనే ఎత్తుకుని మావయ్య ఇంటికి నడిచాను. మావయ్య ఒక గుల్ల తీసి వాసన చూసి, పక్కన పెట్టాడు.

"దొంగతనం కాదు మావయ్యా," అన్నాను.

"దొంగతనమైనా బాగుండేది. దొంగ పెద్దవాటిని పట్టుకుపోయి పిల్లల్ని వదిలేస్తాడు. మీరేం మిగిల్చారే?"

ఊరి సభలో హర్యోనో నిలబడి జరిగిందంతా తన నోటితోనే చెప్పారు. ఆ మాత్రం ధైర్యం చేశారు. తర్వాత ఆయన్ని బదిలీ చేశారు. తొట్లు ఎండగట్టారు. చచ్చిన నత్తల్ని ఊరివాళ్ళూ మేమూ కలిసి ఏరి గోతిలో కాల్చాం. దిబ్బకు దూరపు కొన వైపున్న నత్తలు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాయి. కేంద్రం మూతపడలేదు, కానీ ఊరివాడు పక్కన లేకుండా మాలో ఎవరూ నీళ్ళలోకి దిగకూడదని సభ తీర్మానించింది.

నా వంతుకు మావయ్యే వస్తాడు.

"నా మీద కూడానా మావయ్యా అనుమానం?" అని ఒకసారి అడిగేశాను.

"నువ్వు మా పిల్లవే. జీతం మాత్రం వాళ్ళదిగా," అన్నాడాయన, తెడ్డు వేస్తూ. "దిగు, చూస్తుంటా."