టైపు మిషన్ల కొట్టులో వాన

పొద్దున్నే అమ్మ మొదటి పని నాన్నకి మూడు పొడి తువ్వాళ్లు మడిచి సంచిలో పెట్టడం. నాలుగేళ్లుగా ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ, సరిగ్గా ఆయన నెత్తిన, సన్నటి వాన పడుతోంది. పైకప్పు పొడిగానే ఉంటుంది. జలుబు చేయకుండా చూసుకోమన్నాడు డాక్టరు, అంతే.

నాన్న టైపు మిషన్లు బాగుచేస్తాడు. ఒకప్పుడు కోర్టు గుమాస్తాలు ఆయన కొట్టు ముందు వరసకట్టేవారు. ఇప్పుడు నెలకొకరొస్తే గొప్ప. తుప్పు పడతాయని మిషన్లన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి, తను మాత్రం తడుస్తూ కూర్చునేవాడు. చక్రాల కుర్చీలూ మంచాలూ బాగుచేసే పనికి రమ్మని పెద్దాసుపత్రి ఇంజనీరు రెండుసార్లు కబురు పెట్టాడు. వచ్చే నెల చూద్దామన్నాడు నాన్న. శనివారంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని మూడోసారి కబురొచ్చింది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు యూనివర్సిటీలో ఎకనామిక్సూ సైకాలజీ కలిపి చదువుతోంది. ఏదో ఒకటి వదిలెయ్యమని నాన్న చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. ఏది వదలాలో ఆమెకీ తేలడం లేదు. రెండు భవనాల మధ్యా పరిగెత్తి పరిగెత్తి చెప్పులు అరిగిపోయాయి.

ఆ వారమే, ముందేం చెయ్యాలో తేల్చుకునేటప్పుడు పోయిన శ్రమని లెక్కలోకి తీసుకోకూడదని ఎకనామిక్స్ మాస్టారు చెప్పాడు. తీసుకోకుండా మనిషి ఉండలేడని సైకాలజీ మేడమ్ చెప్పింది. శుక్రవారం క్లాసవగానే ఆమె తిన్నగా కొట్టుకి వెళ్లి, నాన్న పక్కన సగం తడుస్తూ కూర్చుంది.

"నాన్నా, ఒకటడుగుతాను, కోప్పడకు. ఈ కొట్టు నీకు లేదనుకో. ఇందులో నీ ఇరవై ఆరేళ్లూ గడవలేదనుకో. ఇవాళ కొత్తగా తెరుస్తావా?"

నాన్న తువ్వాలు పిండుకున్నాడు. చప్పుడు విని ఏ అక్షరం వదులైందో చెప్పేవాణ్ణన్నాడు. తనకి పని నేర్పిన ముసలాయన గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అడిగాక నోరు మూసుకోవడం మేడమ్ దగ్గర నేర్చుకున్నదే.

"తెరవను," అన్నాడు చివరికి, చిన్నగా.

వాన ఆగిపోయింది.

నాన్న అరచెయ్యి నెత్తి మీద పెట్టి చూసుకున్నాడు. చొక్కా దులుపుకున్నాడు. ఆసుపత్రికి పోతానన్నాడు. చినుకు లేదు. అలవాటు కొద్దీ, "పోనీ, వచ్చే నెల..." అనబోయేసరికి ముక్కు మీద టప్పుమని ఒక్క చుక్క పడింది. మిగతా మాట మింగేసి, లేచి షట్టరు దించాడు.

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్తే, సోమవారం నుంచే రమ్మన్నాడు ఇంజనీరు. ఎందుకు తడిశారని అడగలేదు. తిరుగు బస్సులో నాన్న నెమ్మదిగా మాట కదిపాడు.

"ఇంతకీ ఆ ప్రశ్న దేన్లోది? ఎకనామిక్సా, ఆ రెండోదా?"

"సగం అందులోది, సగం ఇందులోది నాన్నా."

ఆయన కూతురి అరిగిన చెప్పుల వంక చూశాడు.

"అయితే రెండూ చదువు," అన్నాడు. రెండో స్టాపు రాకముందే కూతురి భుజం మీద తల వాల్చి గురక పెట్టాడు.