బంద్ కాని మిషన్

సత్యానందం పటాన్‌చెరులో ఓ ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేశాడు. అది మూతపడ్డాక పోతిరెడ్డిపల్లిలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, వేలంలో కొన్న పాత డైనమోమీటర్ బిగించుకున్నాడు. చెట్లు కోసే చైన్‌సా ఇంజిన్‌ను దానికి తగిలిస్తే చాలు, బ్రేకు పట్టి లాగి, ఎంత పవర్ ఉందో అంకెల్లో చూపిస్తుంది. పవర్ కోసం ఇంజిన్లలో మార్పులు చేయించుకున్నవాళ్లు అది నిజంగా పెరిగిందో లేదో తేల్చుకోవడానికి అతని దగ్గరికి వచ్చేవారు. పరీక్షకు ఐదు వందలు. అంకె వేసి, సంతకం పెట్టి చీటీ ఇచ్చేవాడు.

పటాన్‌చెరు మెకానిక్ కళ్యాణ్ అతనికి మంచి గిరాకీ. పాత చైన్‌సాలు కొని, గాలి, పొగ పోయే దారులు వెడల్పు చేసి, సత్యానందం చీటీ చూపించి అమ్మేవాడు. అలా నాలుగు అమ్మాడు.

ఐదోదాన్ని తెచ్చిన రోజు వెంట మల్లవ్వ కూడా వచ్చింది. హత్నూర దగ్గర నీలగిరి తోటలు కోసే మనిషి. నిరుడు మొగుడు చెట్టు మీంచి పడ్డప్పటి నుంచి మిషన్ తనే పట్టి కోస్తోంది.

"నా కండ్లతోని సూసినంకనే కొంట సారూ" అంది.

ఆమెను గోడ పక్కన నిలబెట్టి, సత్యానందం ఇంజిన్ స్టార్ట్ చేసి బ్రేకు పెంచాడు. అంకె ఎక్కుతోంది. కళ్యాణ్ మొహంలో నవ్వు. అంతలో టప్‌మని చప్పుడైంది. ఇంజిన్‌నూ డైనమోమీటర్‌నూ కలిపే ఇరుసు విరిగింది. అడ్డు పోయేసరికి ఇంజిన్ ఒక్కసారిగా కీచుమంటూ లేచింది.

సత్యానందం వేగం పెంచే రేజ్ మీట వదిలేశాడు. తగ్గలేదు. స్విచ్ నొక్కాడు. ఆగలేదు. మళ్లీ నొక్కాడు. పెట్రోల్ మూసేశాడు, కానీ కార్బురేటర్‌లో మిగిలింది అయ్యేదాకా అది తిరుగుతూనే ఉంటుంది.

"స్విచ్ పని చేస్తలేదేందిరా!"

"వైరు తీసేసిన సారూ, ఊకె లూజయితుండె!" కళ్యాణ్ అరిచాడు. "గాలి ఎక్కువ రావాలని, దాన్ని మూసే చోక్ రేకు గూడ తీసేసిన!"

నిమిషానికి తిరిగే చుట్ల మీటరు పదమూడు వేలు దాటింది. పద్నాలుగు. ఫ్యాక్టరీలో ఒకసారి ఇలాగే ఓ ఇంజిన్ అదుపు తప్పింది. దాని లోపల తిరిగే ఫ్లైవీల్ చక్రం పగిలి, ముక్క పైకప్పును చీల్చుకుని పోయింది. ఇంకో ముక్క పక్క బెంచీ మనిషి కడుపులో దిగింది. ఆ మనిషి కింద పడకుండా కాసేపు నిలబడే ఉన్నాడు. అది గుర్తొచ్చి సత్యానందం కాళ్లు కదలలేదు.

మల్లవ్వ సరిగ్గా ఫ్లైవీల్‌కు ఎదురుగా ఉంది. "జరుగు! పక్కకు జరుగు!" అని అరిచాడు. ఆ మోతలో ఆమెకు వినబడలేదు. ఏమంటున్నాడో అర్థం కాక ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పుడు కదిలాడు. ఒక చేత్తో ఆమెను కిందికి తోసేశాడు. తోలు గ్లవ్ వేసుకున్న రెండో చేతిని ఇంజిన్ గాలి పీల్చే మూతికి అడ్డం పెట్టాడు. అది అరచేతిని లోపలికి గుంజింది. కళ్లు మూసుకున్నాడు. ఇంజిన్ రెండు సార్లు దగ్గి, ఆగింది.

మూత విప్పి చూస్తే ఫ్లైవీల్ మీద వెంట్రుకంత పగులు ఉంది.

"గిది నా చేతులల్ల ఉన్నప్పుడు గిట్లయితుండెనా?" మల్లవ్వ అడిగింది.

సత్యానందానికి ఇంకోటి తట్టింది. "కళ్యాణ్, అమ్మిన నాలుగిట్ల గూడ వైర్లు తీసేసినవా?"

"అన్నిట్ల తీసిన సారూ" అన్నాడు కళ్యాణ్.

ఆ నాలుగింటికీ చీటీ ఇచ్చింది తనే. అంకె చూశాడు తప్ప, మిషన్ ఆగుతుందా అని ఒక్కసారీ చూడలేదు. పరీక్ష కాగానే పెట్రోల్ మూసేసి ఊరుకునేవాడు. వెంటనే ఫోన్లు చేశారు. ముగ్గురు ఎత్తారు. మిషన్ ముట్టుకోవద్దని చెప్పారు. నాలుగో మనిషి ఎల్లయ్య ఎత్తలేదు. ఆరు సార్లు చేసినా ఎత్తలేదు.

"ఏడ కోస్తుండో నాకెరుకే, పా సారూ" అని మల్లవ్వ సత్యానందం స్కూటర్ వెనక ఎక్కింది.

దారి పొడుగునా సత్యానందం ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. మాటలు కుదరలేదు, "ప్రభువా, ప్రభువా" అనే ఒక్క మాటే వచ్చింది. తోట దగ్గరపడుతుంటే మిషన్ చప్పుడు వినిపించింది. చెట్టు కోసే చప్పుడు అలా ఉండదు, లేస్తూ తగ్గుతూ ఉంటుంది. ఇది ఒకటే కీచు. స్కూటర్ గట్టున పడేసి పరిగెత్తారు. సగం దూరంలో ఉండగా చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలోకి అడుగు వెయ్యాలంటే సత్యానందానికి భయమేసింది. మల్లవ్వే ముందు నడిచింది.

మిషన్ ఆకుల మీద పొగలు కక్కుతూ పడి ఉంది. ఎల్లయ్య దూరంగా ఓ చెట్టుకు ఆనుకుని, రెండు చేతులతో పిక్క పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

"రోజు రేజ్ ఇడిస్తె ఆగుతుండె, ఇయ్యాల బంద్ గాలేదు సారూ. ఇసిరికొడితే ఎగిరి కాలు మీదికొచ్చింది. పెట్రోల్ అయిపోయేదాంక తిరిగింది." ఊపిరి అందక ఆగాడు. "మీ చీటీ సూసే కొంటి గదా సారూ."

సత్యానందం అతని కాలు ఎత్తి పట్టుకున్నాడు. మల్లవ్వ కొంగు చింపి కట్టు కట్టింది. ఆటో పిలిచి సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. పద్నాలుగు కుట్లు పడ్డాయి. ఎముకకు తగల్లేదు.

ఆ వారంలోనే నాలుగు మిషన్లూ షెడ్డుకు వచ్చాయి. సత్యానందం దగ్గరుండి కళ్యాణ్ చేత వైర్లు, చోక్ రేకులు పెట్టించాడు, ఫ్లైవీళ్లు మార్పించాడు. ఇప్పుడు ముందు స్విచ్ నొక్కి చూస్తాడు. ఆగకపోతే డైనమోమీటర్ మీదికి ఎక్కించడు. "పక్క ఊర్ల గివేం అడుగరు" అని కొందరు గిరాకీలు వెళ్లిపోయారు. ఎల్లయ్య కుంటుతూనే పనికి పోతున్నాడు. ఎదురుపడితే పలకరిస్తాడు. సత్యానందం మాత్రం అతని కాలి వైపు చూడకుండా మాట్లాడటం ఇంకా నేర్చుకోలేదు.