అక్కాచెల్లెళ్ళకు ఒకే పీట

మా కోడలు ఆటబొమ్మలు చేస్తుంది. బొటనవేలంత మనుషులు. ఆట ఏమిటంటే, బల్ల మీద నది గీసిన పటం పరిచి, పాచికలు వేస్తూ వాళ్ళను అవతలి ఒడ్డుకు చేర్చాలి. రంగులు వేయడం తన పని. కాళ్ళ కింద పీట అంటించి పెట్టెలో సర్దడం నాది. మూత వేసిన పెట్టెను మళ్ళీ తెరిచి చూసుకుంటాను. ఎవరో ఒకరు తప్పిపోయి ఉంటారని నా భయం.

ఆ పొద్దున డీలరు వచ్చాడు. ఊళ్ళో ఆటవస్తువుల దుకాణాలకు సరుకు వేసేది అతనే. వాటిలో అరలు పెట్టించిందీ అతనే. అతను కాదంటే మా పెట్టెకు చోటుండదు. ముందుగదిలో అమ్ముడుపోని పెట్టెలు అప్పటికే కిటికీని మూసేశాయి.

"ఇంత పెద్ద పెట్టె ఎవరు కొంటారమ్మా? విడగొట్టండి. బొమ్మకో ప్యాకెట్టు. లోపల ఏముందో బయటికి కనపడకూడదు."

"మరి అక్కాచెల్లెళ్ళు?" అంది కోడలు. మా ఆటలో లాంతరు పట్టుకున్న అక్క, మూట ఎత్తుకున్న చెల్లెలు కలిసే నది దాటాలి. ఒకరు లేనిదే ఇంకొకరు కదలకూడదు.

"అసలు వ్యాపారం అక్కడే ఉంది. అక్క దొరికినవాడు చెల్లెలి కోసం కొంటూనే ఉంటాడు. చెల్లెళ్ళను కాస్త తక్కువ చేయించండి, చాలు."

కోడలు పెట్టెల వైపు చూసి తల దించుకుంది. ఒప్పుకునేలా ఉంది. కదిలిపోతున్న రైలు కిటికీలోంచి మా చెల్లెలు ఊపిన చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. ఆటలోని పడవ బొమ్మకని ఉంచిన పెద్ద పీట తీసుకుని, జిగురు రాసి, అక్కను నిలబెట్టాను. పక్కనే చెల్లెలిని.

"పెద్దమ్మగారూ, అలా అంటిస్తే ప్యాకెట్లో పట్టదండీ."

"పట్టకూడదనే."

"అత్తయ్యా, ఆరితే ఇక ఊడదు," అంది కోడలు.

"ఊడనివ్వను."

డీలరు నవ్వాడు. "ఈ వయసులో ఎందుకండీ ఇంత మొండితనం?"

"ఇంకే వయసు దాకా ఆగమంటావు నాయనా?"

"అయితే నా అరల్లో మీకు చోటు లేదు."

కోడలు నా చేతిలోంచి జిగురు కుంచె లాక్కుంది. ఆపేస్తుందనుకున్నాను. ఇంకో పెద్ద పీట ముందుకు జరుపుకుని జిగురు రాయసాగింది.

"అరలు మీవే," అంది తలెత్తకుండా. "దుకాణాల్లో నేల మీ సొత్తు కాదుగా."

మధ్యాహ్నం మడతబల్ల ఒకటి, పెట్టెలు కొన్ని మోసుకుని వీధి చివరి దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు మెడ గోక్కున్నాడు.

"అరలన్నీ ఆయనవే పిన్నిగారూ."

"అర ఎవరడిగారు? గుమ్మం పక్కన బల్ల పట్టేంత చోటివ్వు."

"కోపమొచ్చి ఆయన సరుకు ఆపేస్తే?"

"అరలు ఖాళీ అవుతాయి. మావి పెట్టుకో."

అతను గుమ్మం దగ్గరి గొడుగుల బుట్టను పక్కకు తన్నాడు.

పటం పరిచి జంటను ఒడ్డున నిలబెట్టాం. బహుమతి కాగితం కోసం వచ్చిన ఒకావిడ ఆగి, వాళ్ళను చేతిలోకి తీసుకుంది.

"వీళ్ళను విడివిడిగా ఇవ్వరా?"

"ఇవ్వం," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆవిడ జంటను తిరిగి ఒడ్డున పెట్టి, సంచీ కింద దించి, దుకాణంలోని కుర్చీ ఒకటి లాక్కుంది.

"సరే, పాచికలేవి?"