మాట మీద వదిలిన మనిషి

సంచిలో పెట్టవలసిన వాటికన్నా పెట్టకూడనివే ఎక్కువ. అద్దం కూడదు, గాజు సీసా కూడదు, రేకు డబ్బా కూడదు, తాడు అన్నది ఏ రూపంలోనూ కూడదు. అందుకని అక్క తెల్లవారగానే కిటికీ దగ్గర కూర్చుని తమ్ముడి పైజమాల బొందులు లాగేసి, నడుము దగ్గర గుండీలు కుట్టింది. కొత్త సబ్బును చాకుతో నిలువునా కోసింది. ఎలాగూ జైలు గేటు దగ్గర కోసి చూస్తారు, వాళ్ళ మురికి చాకు తగలడం దేనికని. పళ్ళపొడి కాగితంలో పొట్లం కట్టింది. తువ్వాలు మడిచి అన్నిటికంటే పైన పెట్టింది.

తమ్ముడు గోడకానుకుని ఇదంతా చూస్తున్నాడు.

"మా వార్డరు నీ ముందు బలాదూరక్కా" అన్నాడు.

అక్క నవ్వలేదు. ఆమెకు నవ్వు చివర ఏదో ఒకటి వచ్చి పడుతుందని ఎప్పుడూ భయమే.

సరుకుల డిపోలో ఒక సాయంత్రం మాటామాటా పెరిగి, తమ్ముడు నెట్టిన నెట్టుకు ఒక మనిషి మెట్ల మీంచి పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. శిక్షలో చాలా భాగం గడిచిపోయింది, ఇంకో రెండేళ్ళు మిగిలాయి. ఇంటి పైకప్పు బాగు చేసుకోవాలన్న అర్జీ మీద మొదటిసారిగా పెరోల్ ఇచ్చి వదిలారు. అతను వచ్చిన మర్నాడే రేకులు సరిచేశాడు. ఆ తర్వాత ఊరికే కూర్చోలేక కుళాయి బిగించాడు, స్టూలు కాలు అతికించాడు, అడగకపోయినా పక్కింటివాళ్ళ గడియ కూడా బాగుచేసిపెట్టాడు. ఇవాళ సాయంత్రం ఖైదీల లెక్క మొదలయ్యేలోగా వెనక్కి వెళ్ళిపోవాలి. వస్తాడని హామీ పడి సంతకం చేసింది అక్కే.

రాత్రి అన్నం తింటూ అతనొక మాటన్నాడు. వీధి చివర లారీలు కడిగేచోట ఒకడితో పరిచయమైందట. సరిహద్దు దాటితే మిల్లుల్లో పనికి పేరు కూడా అడగరట. అని, తనే నవ్వేసి కంచం తీశాడు. అక్కకు మాత్రం రాత్రంతా అదే ఆలోచన. పారిపోయినవాణ్ణి ఊరూరా వెతికి పట్టుకుంటారు. అప్పుడు ఆ రెండేళ్ళు రెండేళ్ళుగా ఉండవు. తన దగ్గరకు రావలసిన ఒకే ఒక్క మనిషి ఇంక ఏ నాటికీ రాకుండా పోతాడు.

మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని, ఇద్దరూ కలిసి తిని బయల్దేరదామని చెప్పి ఆమె పనికి బయల్దేరింది. తలుపు దగ్గరికి లాగింది. గడియ వేసింది. తాళం వేసింది.

ఒంటరిగా బతికే మనిషి చెయ్యి అది. రోజూ చేసే పని చేసింది. కానీ వీధి మలుపులో ఆమెకు తెలిసింది. ఇంటికి ఒకటే తలుపు, కిటికీకి ఊచలు, లోపల మనిషి. కాళ్ళు ఆగాయి. వెనక్కి తిరిగి చూసింది. తిరిగి వెళ్ళలేదు.

ఆమె పని బైండింగు షాపులో. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను పుస్తకం పేజీల కొలతకు మడవడం, మడత మీద చెక్కపుల్లతో రుద్ది నొక్కడం. అక్కడ అందరికీ ఆమె మడతలక్క. బొటనవేలి కొస అరిగి అరిగి నున్నగా, గీతల్లేకుండా అయింది. హామీ కాగితం మీద ముద్ర వేయించబోతే పడలేదు, సంతకం చేయమన్నారు. ఏ పుస్తకం వచ్చినా, చదవగలిగింది చదువుతూ, చదవలేనిదాన్ని చూస్తూ మడిచేది. ఇప్పుడు చేతిలో ఉన్నది ఇంగ్లీషు న్యాయపదాలకు అర్థాలు చెప్పే నిఘంటువు. అచ్చులో ఒకచోట అర్థం చెప్పే మాటలోనే చివరి అక్షరం ఎగిరిపోయిందని, సరైన మాట ఉన్న సన్నని చీటీలు తెచ్చి దాని మీద అతికిస్తున్నారు.

ఆమె ముందుకు వచ్చిన పేజీ అదే. జిగురు బ్రష్షు పట్టుకుని, ఇదేం మాటని ప్రూఫులు దిద్దే తాతగారిని అడిగింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకున్నాడు. చెప్పడమంటే ఆయనకు ప్రాణం. అది పెరోల్ అన్నాడు. చివర 'e' ఉండాలి, అది లేకుండా రాస్తే రాతలో లేని నోటి సాక్ష్యానికి వాడే మాట అవుతుంది, రెండూ ఒక కడుపున పుట్టినవే అన్నాడు.

"ఫ్రెంచివాళ్ళ భాషలో పెరోల్ అంటే మాట. అంతేనమ్మా. వెనకటికి యుద్ధంలో పట్టుబడ్డ సైనికుణ్ణి, మళ్ళీ మీ మీద కత్తి పట్టనని మాట పుచ్చుకుని ఇంటికి వదిలేసేవాళ్ళు. గొలుసు లేదు, కాపలా లేదు."

"వాడు పారిపోతేనో?" అంది పక్కన మడిచిన ఫారాలు కుడుతున్న పిన్ని.

"పారిపోయేవాడని అనుకుంటే మాట ఎందుకు పుచ్చుకుంటారమ్మా?" అన్నాడు తాతగారు, కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకుంటూ.

అక్క చేతిలో చీటీ వంకరగా అతుక్కుంది. తీసి మళ్ళీ అతికించింది. ఇప్పుడే వెళ్ళి తాళం తీసి రావాలనిపించింది. ఎలాగూ మధ్యాహ్నం వెళ్తాగా అని సర్దిచెప్పుకుంది.

మధ్యాహ్నం లారీ వచ్చింది. తయారైన పుస్తకాలన్నీ ఇవాళే వెళ్ళాలట. లోడు ఎక్కేదాకా ఎవరూ కదలొద్దన్నాడు ఓనరు. అక్క లేచి వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడింది. ఇంట్లో పని ఉందంది. ఇంట్లో పని ఎవరికి లేదన్నాడాయన. ఏం పనో చెప్పమన్నాడు. ఇన్నేళ్ళుగా షాపులో అందరికీ ఆమె చెప్పిందొకటే, తమ్ముడు ఓడలో పని చేస్తాడని. ఏ ఓడ, ఏ రేవు అని మొదట్లో అడిగేవాళ్ళు, ఇప్పుడు హాస్యమాడతారు.

"ఏమే, నీ తమ్ముడి ఓడగానీ వచ్చిందా ఏంటి?" అంది పిన్ని.

ఒక్క మాట చెబితే చాలు, వదిలేసేవారు. పిన్నే ముందు లేచి తోసి పంపేది. ఆ ఒక్క మాట రాలేదు. అక్క తిరిగొచ్చి కట్టలు మోసింది. ఒక్కో కట్ట గుండెలకు ఆనించుకుని మోస్తుంటే బయట ఎండ రంగు మారుతూ వచ్చింది. ఆఖరి కట్ట ఎక్కగానే చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తింది.

తాళం తీయబోతే జిగురంటిన వేళ్ళకు తాళంచెవి తిరగలేదు. తలుపు తెరుచుకునేసరికి అతను ఎదురుగా స్టూలు మీద ఉన్నాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని. పొయ్యి మీది అన్నం మూత తీసినట్టు కూడా లేదు.

ఆమె గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"పిలవకపోయావా? పక్కింటివాళ్ళు పగలగొట్టేవాళ్ళు కదరా."

"లోపల్నుంచి తలుపు కొడితే అక్కడ ఊరుకోరక్కా. చెయ్యి లేవలేదు."

"అలవాటులో వేసేశానురా. చూసుకోలేదు."

అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు. "వేశాక రెండుసార్లు లాగి చూశావు. చప్పుడు వినపడింది" అన్నాడు. ఆమె ముఖం చూసి, మళ్ళీ అన్నాడు. "పోనీలే. అక్కడ ఈ పనికి జీతమైనా ఇస్తారు. నువ్వు ఊరికే చేశావు."

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. మనుషులు తాపీగా దిగారు, తాపీగా ఎక్కారు. అక్క డ్రైవరు వీపు వైపు చూస్తూ, సీటు అంచున, తోస్తే బండి ముందుకెళ్తుందన్నట్టు కూర్చుంది. అతను కిటికీ దగ్గర కూర్చుని షాపులు చూశాడు. ఒక టైర్ల షాపు చూపించి, ఇది అప్పట్లో లేదే అన్నాడు. ఆమె ఏదో జవాబు చెప్పింది. అన్నేళ్ళ తర్వాత పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేయడం అదే మొదటిసారి. అందులో ఆమెకు గుర్తున్నది డ్రైవరు చొక్కా మీది చెమట మరక ఒక్కటే.

వాళ్ళు గేటు చేరేసరికి లోపల లెక్క అయిపోయింది. ఒక తల తక్కువని రాసేశారు కూడా. చిన్న కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగి అలసిన మనిషి, అరవలేదు. ఎందుకు ఆలస్యమైందని మాత్రం అడిగాడు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మళ్ళీ సెలవు దొరకదని తమ్ముడే ఆమెకు ఒకరోజు చెప్పాడు. తగిన కారణం ఉంటే చూస్తారని కూడా చెప్పాడు. అక్క నోరు తెరిచింది. నేనే తాళం వేశాను, వీడు పొద్దుట్నుంచీ తయారై కూర్చున్నాడు. అంతే చెప్పాల్సింది. తాళం ఎందుకు వేశావంటారు. పారిపోతాడని అనుకున్నానని వాడి ముందే చెప్పాలి.

ఈలోగా అతను అన్నాడు. "నిద్రపోయానండి. లేపేవాళ్ళు లేరు."

ఉద్యోగి ఆమె వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. ఉద్యోగి అదే రాసుకున్నాడు.

సంచి విప్పారు. గుండీలు లాగి చూశారు. సబ్బు కోసి ఉండటం చూసి ఒక వార్డరు నవ్వాడు. చెప్పులకు ఇనప బకిల్సు ఉన్నాయి, కుదరదన్నారు. తమ్ముడు వంగి చెప్పులు విప్పి, దుమ్ము దులిపి, అక్క చేతికిచ్చాడు.

"జిగురు కడుక్కో, ఎండితే పట్టేస్తుంది" అన్నాడు.

పెద్ద తలుపులో ఉన్న చిన్న తలుపు తీశారు. అతను అలవాటైన మనిషిలా, చూసుకోకుండానే, సరిగ్గా అక్కడ తల వంచి లోపలికి వెళ్ళాడు.

మరుసటి ఏడు అక్క సెలవు కోసం అర్జీ పెట్టింది. కిందటిసారి వేళకు రాలేదు గనక ఇవ్వలేమన్నారు. జరిగింది చెప్పడానికి ఆమె ఆ ఆఫీసుకు వెళ్ళింది, ఈసారి అంతా చెప్పింది కూడా. విన్నతను చాలా మర్యాదగా, అప్పుడే చెప్పవలసిందమ్మా అన్నాడు. షాపులో పిన్నికి కూడా అప్పుడే చెప్పింది. పిన్ని కుట్టడం ఆపి, ఇన్నాళ్ళూ నిన్ను ఓడ ఓడ అని ఏడిపించానే అంది.

చెప్పులు గుమ్మం లోపల గోడవారగా ఉన్నాయి. మడమల దగ్గర తోలు అతని నడకకు లోపలికి ఒరిగి ఉంది. తమ్ముడు మళ్ళీ రాలేదు. విడుదలకు ఇంకా కొన్ని నెలలుండగా, వానలు మొదలైన వారంలో, జైలు ఆసుపత్రిలో జ్వరంతో పోయాడు.